ఇంక్‌జెట్ ముద్రణము: నేతవారు తెలిసికొనవలసిన సంగతులు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

ఈ మహాసభయందు వృత్తివిషయికములగు నుపన్యాసములు కొన్ని జరుగవలెనని తలంచి, కార్యనిర్వాహకవర్గమువారు నన్ను ఇంక్‌జెట్ ముద్రణమునుగుఱించి మాటలాడుమని యాజ్ఞాపించిరి. పేరు పరభాషది, వస్తువు మాత్రము మన యింటిలోనిదే. తెల్లవాఱుజామున గుమ్మములోనికి వచ్చు పాలపొట్లముమీది తేదీయు, బిడ్డల పాఠశాలకు వలయు రంగుపటమును, వివాహమంటపము ముందటి ఫ్లెక్సీయు తఱచుగా నీ విధానముచేతనే ముద్రింపబడుచున్నవి. అంగళ్లలో చౌకగా దొఱకు "ఇక్కత్తు" చీరలమీది చిత్రములు గూడ ననేకము లిట్లు పుట్టినవే.

గోడలమీదను గుడ్డలమీదను కుంచెతో నక్షరములు వ్రాసి కుటుంబములను పోషించుకొనిన చిత్రకారులు ఫ్లెక్సీ వచ్చిన పిమ్మట నేమైరో మీరందఱు నెఱుగుదురు. ఆ జాతి యంత్రమే నేడు వస్త్రముపైకి వచ్చినది. దానిని జూచి మనలో కొందఱు "ఇక మగ్గమునకు దినములు చెల్లిన"వని నిట్టూర్చుచున్నారు. మఱికొందఱు యువకులు ఋణము దెచ్చియైనను ఆ యంత్రమునే కొనవలెనని తొందరపడుచున్నారు. ఈ భయమునకును ఆ తొందరకును మూల మొక్కటియే. అది యంత్రము పనిచేయు తీరు తెలియమి. కావున ఇది యేమి చేయగలదో, యేమి చేయజాలదో విన్నవించుటకే నేనిచట నిలిచితిని.

ముద్రణమనగా మనకు తెలిసినది ఒత్తిడి. పెడనలోని చెక్కదిమ్మయు, ముద్రాలయములోని సీసపుటక్షరమును, కచేరీలోని రబ్బరు ముద్రయు, అన్నియు వస్తువును తాకి, ఒత్తి, రంగు నంటించును. ఇంక్‌జెట్ అట్టిది గాదు. ఇందు సిరాను విడుచు తల కాగితమును ముట్టదు. సిరా చిన్న చిన్న చుక్కలై గాలిలో నెగిరివచ్చి, నిర్ణీతస్థలమున బడును. కావుననే గ్రుడ్డుపెంకుమీదను, సీసా మెడమీదను, ముడుతలుపడిన పొట్లముమీదను గూడ ముద్రించుట సాధ్యమగుచున్నది. ఈ ముద్రణమందలి విద్య యంతయు ఒక్క చుక్కను చెప్పినట్లు పుట్టించుట, చెప్పినచోట పడవేయుట, పడినచోట నిలుపుట అను మూడు పనులలో నిమిడియున్నది. ఆ మూటిని వరుసగా జూతము.

మొదటిది చుక్క పుట్టుక. కుళాయిని సన్నగా విప్పి చూడుడు. నీరు పైన గాజుకడ్డీవలె నునుపుగా నుండి, క్రిందికి వచ్చుకొలది వణకి, చుక్కలుగా విడిపోవును. ద్రవముయొక్క ఉపరితలము ఎల్లప్పుడును కుంచించుకొన జూచును. ఈ గుణమునకు తలతన్యత యని పేరు. ఒకే పరిమాణముగల నీటికి ధారరూపముకంటె గోళరూపమునందు ఉపరితలము తక్కువ గనుక, ధార గోళములుగా తెగుటకే మొగ్గును. ఫ్రాన్సు దేశీయుడగు సవార్ 1833లోను, బెల్జియము దేశీయుడగు ప్లాటో 1873లోను దీనినిగుఱించి పరిశోధనలు ప్రకటించిరి. 1878లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు దీనికి గణితమును గట్టెను. ధార తన మందమునకు సుమారు నాలుగున్నర రెట్లు పొడవుగల తునుకలుగా తెగుటకు మిక్కిలి త్వరపడుననియు, ఆ కొలతకు దగినట్లు ధారను కదలించినచో చుక్కలన్నియు ఒకే పరిమాణమున వచ్చుననియు ఆ గణితమువలన తేలుచున్నది. అట్టి చుక్క మందము ధార మందమునకు దాదాపు రెండింతలుండును.

సిరాను చిమ్మి వ్రాయు యత్నము అంతకుమున్నే యారంభమయినది. సముద్రగర్భముననున్న తంతిద్వారా వచ్చు సన్నని సంకేతములను వ్రాసికొనుటకై విలియం థామ్సన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు, 1867లో ఒక సాధనమును పేటెంటు చేసెను. అందు వెండ్రుకవంటి గాజుగొట్టమునుండి సిరా విద్యుద్బలముచేత కాగితముపై చిమ్మబడుచుండెను. తరువాత స్వీడను దేశమున రూనె ఎల్మ్‌క్విస్ట్ అను వైద్యయంత్రనిర్మాత వైద్యసంకేతములను వ్రాయుటకు సిరాధారను వాడి, 1951లో పేటెంటు పొందెను. 1958లో మనుష్యశరీరమున మొట్టమొదట నమర్చిన గుండె పేస్‌మేకరును నిర్మించినవాడును ఇతడే.

ఇట్లు వ్రాసిన గీతలు ఒక్క వంపునే తెలుపగలిగినవి. చుక్కను ఒక్కొక్కదానినే వేఱుచేసి దారి మఱల్చినగాని అక్షరములు రావు. 1960-70 సంవత్సరముల మధ్య అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ స్వీట్ ఆ పని సాధించెను. పాలపొట్లముమీది తేదీ నేటికిని ఈ పద్ధతిచేతనే పడుచున్నది. సిరాధార ఎడతెగక ప్రవహించుచుండును. ఒక స్ఫటికము దానిని క్షణమునకు వేలకొలది సారులు కంపింపజేయును. ధార సమానములైన చుక్కలుగా తెగును. తెగుచున్న క్షణమున ప్రతి చుక్కకును వలసినంత విద్యుదావేశమును తగిలింతురు. తరువాత చుక్కలు అధికవిద్యుత్పీడనముగల రెండు పలకల నడుమగా పోవును. ఆవేశము ఎక్కువగానున్న చుక్క ఎక్కువగాను, తక్కువగానున్నది తక్కువగాను ప్రక్కకు వంగి పొట్లముపై పడును. ఆవేశము లేని చుక్కలు తిన్నగా పోయి ఒక చిన్న దొన్నెలో పడి మఱల సిరాపాత్రకే చేరును. పొట్లము పరుగెత్తుచునే యుండును. తేదీ పడుచునే యుండును. యంత్రమెచటను పొట్లమును తాకదు.

ఇది వేగముగల పద్ధతియే గాని, యిండ్లలోని పనికిని చిత్రముల సూక్ష్మతకును తగదు. వలసినపుడే చుక్క పుట్టి, వలదన్నపుడు పుట్టకుండు ఉపాయము కావలసెను. అట్టి యుపాయములు ముఖ్యముగా రెండు గలవు.

మొదటిది వేడిమి. జపానులోని కానన్ సంస్థయందు 1977లో ఇచిరో ఎండో అను పరిశోధకుడు పని చేయుచుండగా, కాగిన అతుకుకడ్డీ సిరా నింపిన సూదికి తగిలి, సూదికొననుండి సిరా చిమ్మెనని ఆ సంస్థవారు చెప్పుకొందురు. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలోని హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థయందు జాన్ వాట్ అను నాతడును స్వతంత్రముగా నీ మార్గమునే పట్టెను. రంధ్రము వెనుక మిక్కిలి చిన్న తాపకమొకటి యుండును. దానికి క్షణములో పదిలక్షలవంతులు రెండుమూడు మాత్రము విద్యుత్తు నిత్తురు. తాపకముపైనున్న పల్చని సిరాపొర 300 డిగ్రీలు దాటిన వేడిమికి ఒక్కపెట్టున ఆవిరియై బుడగయగును. ఆ బుడగ ముందున్న సిరాను రంధ్రమునుండి వెలికి నెట్టును. బుడగ చల్లాఱి యణగగానే, దీపపువత్తి నూనెను పీల్చునట్లు క్రొత్త సిరా లోనికి వచ్చును. ఇదంతయు ఒక్క క్షణములో వేలసారులు జరుగును. 1984లో వెలువడిన హ్యూలెట్ ప్యాకార్డ్ వారి థింక్‌జెట్ యంత్రమునకు 12 రంధ్రములు మాత్రమే యుండెను. నేటి యంత్రములకు రంధ్రములు వందలనుండి వేలవఱకు గలవు.

రెండవది నొక్కు. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అట్టి స్ఫటికము తన యాకారమును మార్చుకొనుననియు మఱుసటి యేడు తేలినది. ఈ గుణముగల పింగాణిరేకును సిరాగదికి గోడగా నమర్చి విద్యుత్తు నిచ్చినచో, గోడ కంటికి కానరానంత వంగి, సిరాను నొక్కి, చుక్కను వెలికి త్రోయును. ఇందు సిరా కాగదు. కావున ఆవిరి కానొల్లని సిరాలను గూడ వాడవచ్చును. ఫ్లెక్సీయంత్రములందును, వస్త్రముద్రణయంత్రములందును సామాన్యముగా నీ పద్ధతియే యున్నది.

ఈ చుక్క యెంతటిది? ఒక లీటరును లక్షకోటి భాగములుగా చేసినచో అందొక భాగమునకు పీకోలీటరని పేరు. గృహములందలి యంత్రముల చుక్కలు కొన్ని పీకోలీటర్లు మాత్రమే యుండును. ఒక్క పీకోలీటరు చుక్క అడ్డుకొలత సుమారు 12 మైక్రానులు. అది తలవెండ్రుక మందములో ఆఱవవంతుకంటె హెచ్చు గాదు. నాలుగేసి పీకోలీటర్ల చుక్కలైనచో, పది మిల్లీలీటర్ల సిరాలో రెండువందల యేబదికోట్ల చుక్కలు గలవు.

ఇక చుక్కను చెప్పినచోట పడవేయు రెండవ పని కంప్యూటరుది. తల యటునిటు పరుగెత్తుచుండ, కాగితము కొంచెముకొంచెముగా ముందునకు జరుగుచుండ, ఏ రంధ్రము ఏ క్షణమున చుక్కను విడువవలెనో కంప్యూటరు నిర్ణయించును. సామాన్యముగా సిరాలు నాలుగే: ఆకాశనీలమువంటి సయాను, మజెంటా, పసుపు, నలుపు. ఆకుపచ్చ కావలెనన్న సయాను, పసుపు చుక్కలను ప్రక్కప్రక్కన వేయును. లేతరంగు కావలెనన్న చుక్కలను ఎడముగా వేయును. కలుపునది మన కన్నే గాని యంత్రము గాదు. ఇందు తెలుపు సిరా లేదని గమనింపుడు. తెల్లని తావులన్నియు వట్టి కాగితమే, వట్టి గుడ్డయే. కావున ఈ నాలుగు సిరాలతో ముద్రించుటకు తెల్లని వస్త్రము కావలెను. ముదురురంగు గుడ్డపై వేయదలచినచో ముందుగా తెల్లసిరాను ప్రత్యేకముగా పఱువవలెను.

మూడవ పని చుక్కను పడినచోట నిలుపుట. ఇది మన శ్రీకాళహస్తి కలంకారీవారికి తరతరములుగా తెలిసినదే. వారు గుడ్డను కరక్కాయ కషాయమునందును గేదెపాలయందును నానబెట్టి యారవేసిన పిమ్మటగాని కలము పట్టరు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో నూరవేసి తీసిన ద్రవము కరక్కాయ వగరుతో కలిసి గుడ్డలోనే నల్లనగును. ఇంక్‌జెట్‌వారు చేయునదియు న్యాయమున నిట్టిదే. చిత్రములు ముద్రించు కాగితముపై ప్రత్యేకమైన పూత నుంచి, సిరా ప్రాకక నిలుచునట్లు చేయుదురు. నూలుగుడ్డకైనచో సోడా, యూరియా, సముద్రపు నాచునుండి తీసిన జిగురు కలిపిన ద్రవమును ముందుగా పట్టింతురు. ముద్రించిన పిమ్మట ఆవిరిలో నుంచినప్పుడే రియాక్టివ్ రంగు నూలుతో రసాయనబంధము పొందును. తరువాత మిగిలిన రంగు పోవునట్లు బాగుగా నుతుకవలెను. పట్టునకు ఆమ్లరంగులు వాడుదురు. పాలియెస్టరు గుడ్డకైనచో, తఱచుగా మొదట కాగితముపై ముద్రించి, దానిని గుడ్డపై నుంచి సుమారు 200 డిగ్రీల వేడిలో నొత్తుదురు. రంగు ఆవిరియై దారములోనికి పోవును.

మహాశయులారా! ఇంతవఱకు చెప్పినదానివలన మనకు ముఖ్యమగు సంగతి యొకటి తేలుచున్నది. ఈ యంత్రము నేసినదానిపై రంగు వేయునే గాని నేయజాలదు. పోచంపల్లిలో ఆసుపై పోసిన నూలును లెక్కప్రకారము కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మఱల కట్టి, ఆ పిమ్మట మగ్గమెక్కింతురు. అచట చిత్రము గుడ్డకంటె ముందే నూలులో పుట్టినది. పుట్టపాక తేలియా రుమాలునందు పడుగునను పేకనుగూడ నట్లే కట్లుకట్టి, రెండింటిని మగ్గముపై గంటుకు గంటు కలుపుదురు. ఇంక్‌జెట్ చిత్రమన్ననో గుడ్డ పుట్టిన తరువాత పైనుండి రాలిన చుక్కల సమూహము. ఈ భేదమును ఎఱిగినవానిని మోసపుచ్చుట కష్టము.

పరీక్షలు చెప్పెదను. మొదట గుడ్డను త్రిప్పి చూడుడు. ఇక్కత్తునందు ఇరుప్రక్కల రంగు సమముగా నుండును. ముద్రించినదానియందు సామాన్యముగా వెనుకప్రక్క వెలవెలబోవును. పల్చని గుడ్డయైనచో రంగు వెనుకకు దిగి భ్రమ కలిగింపవచ్చును. అప్పుడు కొంగుచివర నొక్క పోగును లాగి చూడుడు. కట్టి రంగువేసిన పోగునకు రంగు చుట్టును నిండియుండును. ముద్రించిన గుడ్డలోని పోగునకు, మఱియొక పోగు క్రిందగా దాగిన చోటులందు తెల్లని గంట్లు తఱచుగా కానవచ్చును. భూతద్దముతో చూచినచో లేతరంగులలో విడివిడి చుక్కలు కనబడవచ్చును. ఇక్కత్తు అంచులందైనచో రంగు పోగు వెంబడియే సాగి, ఈకవలె చెదరియుండును. జరీయు నట్లే. సామాన్యమగు నాలుగు సిరాలతో జరీ మెఱుపు రాదు; పసుపుపచ్చని నీడ మాత్రమే వచ్చును. చివరకు ఒక పోగును కాల్చి చూడుడు. నూలు కాగితమువలె కాలి బూడిదయగును. పట్టు వెండ్రుకలు కాలిన వాసన వేయును. పాలియెస్టరు కరగి గట్టి పూసయగును.

ముద్రించిన గుడ్డను ముద్రించినదనియే చెప్పి యమ్ముటలో తప్పు లేదు. పేదయింటి యాడుబిడ్డ తన కందిన వెలలో నచ్చిన చీర కట్టుకొనుటను మనమేల కాదనవలెను? కాని ముద్రించినదానిని నేసిన యిక్కత్తని చెప్పి యమ్ముట కొనువారికిని ద్రోహము, నేసినవారికిని ద్రోహము. భౌగోళిక గుర్తింపుల చట్టము 1999లో వచ్చినది. పోచంపల్లి యిక్కత్తునకు 2005లోను, తేలియా రుమాలునకు 2020లోను ఆ గుర్తింపు లభించినవి. 2006నుండి చేనేతవస్త్రములకు హ్యాండ్లూమ్ మార్కు గలదు. చట్టమున్నను, గుర్తున్నను, అంగడిలో నిలిచి "ఇది యిక్కత్తు గాదు, దీని పోగును చూడు"మని చెప్పగల మనుష్యుడు లేనిచో ఆ కాగితములు పెట్టెలోనే యుండును.

ఇక యంత్రము కొనదలచిన యువకులకు నాలుగు మాటలు. ఈ యంత్రమునకు దిమ్మలు, తెరలు చెక్కించు ఖర్చు లేదు. కావున ఒక్క మీటరైనను నూఱు మీటర్లైనను మీటరునకు పడు ఖర్చు ఇంచుమించు సమానమే. కొద్ది గజములకును, మాటిమాటికి మాఱు నమూనాలకును ఇది లాభము. ఒకే నమూనాను వేలమీటర్లు వేయునపుడు తెర యద్దకమే సాధారణముగా చౌకపడును. రంధ్రములు వెండ్రుకకంటె సన్ననివి గనుక, యంత్రము కొన్నిదినములు ఊరకయున్నచో కొననున్న సిరా యెండి రంధ్రము మూసికొనిపోవును. దానిని శుభ్రపఱచుటకు మఱల సిరాయే ఖర్చగును. ధూళి, విద్యుత్తు నిలిచిపోవుట, వేసవి పొడిగాలి, ఇవన్నియు తలకు శత్రువులు. తల పాడైనచో దాని వెల తక్కువది గాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు: రియాక్టివ్ రంగులతో నూలుగుడ్డపై ముద్రించుటకు యంత్రమొక్కటి చాలదు. ముందు గుడ్డకు ద్రవము పట్టించు నేర్పాటును, తరువాత ఆవిరిపెట్టెయు, ఉతుకుటకు మంచినీరును, ఉతికిన మురుగునీటికి తగిన మార్గమును వలయును. ఇవి లేక ముద్రణయంత్రమును మాత్రము కొన్నవాని చీర మొదటి యుతుకులోనే వెలిసిపోవును. వాని పేరును దానితోడనే వెలిసిపోవును. కావున సిరా వెల, తల వెల, ఆవిరిపెట్టె వెల, దినమునకు దొఱకు పని అను నీ నాలుగింటిని కాగితముపై వ్రాసి లెక్కచూచుకొన్న పిమ్మటనే ఋణపత్రముపై సంతకము చేయవలెను.

యంత్రమనిన పగ యక్కఱలేదు. ఆసు పోయుటలో తల్లి చేతులు పడు బాధను జూచి చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును సాధించిరి. 2017లో పద్మశ్రీ బిరుదము నందిరి. ఆ యంత్రము మగ్గమును తొలగింపలేదు. మగ్గముముందటి భారమును తొలగించినది. ఇంక్‌జెట్‌ను గూడ మన మట్లే పనికి బెట్టవచ్చును. క్రొత్త నమూనాను నూలున కట్టకముందు కాగితముపై నసలు కొలతకు ముద్రించి చూచుకొన్నచో, నచ్చని చిత్రమునకై దినములకొలది కట్లు కట్టు శ్రమ తప్పును. దూరదేశపు కొనుగోలుదారునకు నమూనా చూపుటకును అదియే సాధనమగును.

ఈ సభవారికి నావి మూడు మనవులు. మన సంఘ వసతిగృహములందు చదువుకొను బాలబాలికలకు సెలవుదినములలో నీ పరీక్షలను చేతితో చేయించి నేర్పవలెను. చేనేతవస్త్రములమ్ము మనవారు ప్రతి యంగడిలోను ఒక భూతద్దమును, ఒక నిజమైన యిక్కత్తు తునుకను, ఒక ముద్రించిన తునుకను ప్రక్కప్రక్కన నుంచి, కొనువారికి విసుగులేక చూపవలెను. యంత్రములు కొనదలచినవారికి లెక్కలు చూచిపెట్టుటకు, అనుభవముగల యిద్దఱు ముగ్గురితో నొక చిన్న యుపసంఘము నేర్పఱుపవలెను. వీనికి గొప్ప ధనము వలదు. పోషకమహాశయుల ప్రోత్సాహమున్న చాలును.

గాలిలో నెగిరివచ్చిన చుక్క గుడ్డపై నిలుచును; నూలులో పుట్టిన చిత్రము గుడ్డతోనే పుట్టును. ఈ రెంటిని రెండుగా గుర్తించి, రెంటికిని తగిన వెల నిర్ణయించుకొన్న దినమున మన మగ్గమునకు ఈ యంత్రమువలన రావలసిన కీడు చాలవఱకు తగ్గునని నా నమ్మకము.